అమ్మాయి ఫ్లాట్‌లో నాన్న

జూన్ 3

పొద్దున కాఫీ నా ముందు పెట్టి మా ఆవిడ అంది: "ఇవన్నీ నాకు చెప్పకండి. ఎక్కడైనా రాసుకోండి." ఆఫీసు బీరువాలో ఖాళీ డైరీ ఒకటి దొరికింది. రాసుకుంటున్నాను.

పెద్ద విషయమేం కాదు. అమ్మాయికి కాలేజీలో సీటు వచ్చింది. మాకు రైల్లో ఐదు గంటల దూరం. తను హాస్టల్ అంటోంది. వెళ్ళి చూసొచ్చాను. గదికి ముగ్గురు, చెక్క మంచాలు, వాటి మీద రెండంగుళాల పరుపు. వేలితో నొక్కితే చెక్క తగిలింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పరుపుల ఫ్యాక్టరీ నడుపుతున్నవాడి కూతురు దాని మీద పడుకుందని నలుగురికీ తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

అందుకని కాలేజీకి పది నిమిషాల నడకలో ఒక ఫ్లాట్ చూశాను. ఇది అమ్మాయి కోసం అని కాదు. పెట్టుబడి. ఆడిటర్ కూడా అదే అన్నాడు.

"అమ్మాయి ఏమంది?" అని అడిగింది మా ఆవిడ.

ఇంకా అడగలేదు.

జూన్ 4

అడిగాను. ఏమీ అనలేదు. సంతోషం ఎక్కువైతే మాట రాదు.

జూన్ 12

రిజిస్ట్రేషన్ అయింది. అమ్మాయి పేరు మీదే. సంతకం పెట్టేముందు కలం పట్టుకుని నావైపు చూసింది.

"నాన్నా, ఇది నా ఇల్లేనా?"

"నీదే తల్లీ."

"అంటే అందులో ఏం చేసినా నా ఇష్టమేనా?"

"పూర్తిగా నీ ఇష్టం. నాకు చెప్పి చేస్తే చాలు."

బ్రోకర్ ఎందుకో కిటికీ వైపు తిరిగి దగ్గాడు.

జూన్ 16

సామాను దింపాం. నాలుగో అంతస్తు, రెండు పడకగదులు, వంటింట్లోంచి చూస్తే పక్క బిల్డింగు వాళ్ళ వంటిల్లు. అమ్మాయి గదిలో మా ఫ్యాక్టరీలోకెల్లా ఖరీదైన పరుపు వేయించాను, 'మబ్బు' మోడల్. పదకొండంగుళాలు. కూర్చుంటే మనిషి సగం కనబడడు. కర్టెన్లు నేనే తగిలించాను. లైనింగ్ గుడ్డ వెనక్కి, పూల గుడ్డ ముందుకి. పనివాళ్ళకి వదిలేస్తే తిరగేసి పెడతారు.

రెండు రోజులుండి, అన్నీ సర్ది వెళ్ళిపోతాను. ఫ్యాక్టరీ బావమరిది చూసుకుంటున్నాడు. "నువ్వేం కంగారుపడకు బావా, ఎన్నాళ్ళైనా ఉండి రా," అన్నాడు. మంచివాడే. 'ఎన్నాళ్ళైనా' అన్న మాట అంత గట్టిగా అనక్కర్లేదు.

జూన్ 18

ప్లంబర్ రాలేదు. ఉండాల్సి వచ్చింది.

జూన్ 19

ప్లంబర్ వచ్చాడు. ఎలక్ట్రీషియన్ రాలేదు.

జూన్ 21

ఇద్దరూ వచ్చారు, పనులు అయిపోయాయి. కానీ రేపు ఆదివారం. ఆదివారం రైళ్ళు రద్దీగా ఉంటాయి.

జూన్ 27

కాలేజీకి వెళ్ళే దారి ఎలా ఉందో చూద్దామని పొద్దున అమ్మాయి వెనకాలే నడిచాను. దారి చూడటానికే. మూడు చోట్ల ఫుట్‌పాత్ రాళ్ళు లేచిపోయి ఉన్నాయి, నోట్ చేసుకున్నాను. ఫార్మసీ దగ్గర వెనక్కి తిరిగి నన్ను చూసింది. రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ ఎక్కింది. అది కూడా పరిశీలించినట్టయింది. అటువైపు రాళ్ళు బాగానే ఉన్నాయి.

జూన్ 28

ఈ పూట ఏడు నిమిషాలు ముందే వెళ్ళిపోయింది. కాలేజీ మీద శ్రద్ధ పెరిగింది.

జూలై 6

అమ్మాయి క్లాసువాళ్ళు నలుగురు వచ్చారు. అందరూ ఆడపిల్లలే. వాళ్ళకి మొహమాటంగా ఉంటుందేమోనని నేనూ హాల్లోనే కూర్చున్నాను. ఏం మాట్లాడుకోవాలో తెలియక దిక్కులు చూస్తుంటే నేనే అందుకుని స్ప్రింగు పరుపుకీ ఫోమ్ పరుపుకీ తేడా చెప్పాను. సాంద్రత అంటే ఏమిటో దిండు పెట్టి చూపించాను. కళ్ళజోడు పెట్టుకున్న పిల్ల ఒకతే శ్రద్ధగా వింది.

"అంకుల్, నడుం నొప్పి ఉన్నవాళ్ళకి ఏది మంచిది?"

"మబ్బు," అన్నాను. "పడుకుంటే నొప్పి ఎటు పోయిందో తెలీదు."

అరగంటకే వెళ్ళిపోయారు. పరీక్షలు కాబోలు.

రాత్రి భోజనం దగ్గర అమ్మాయి 'ఊఁ', 'సరే', 'చాలు' అని మూడు మాటలే మాట్లాడింది. చదువు బరువు.

జూలై 13

ఇవాళ అపార్ట్‌మెంటు సంఘం మీటింగు. మూడో అంతస్తు హెడ్‌మిస్ట్రెస్ గారు ప్రెసిడెంటు. రిటైరై పదేళ్ళయినా ఆవిడ 'కూర్చోండి' అంటే ఇప్పటికీ కూర్చుని ఉన్నవాళ్ళు కూడా ఇంకోసారి లేచి కూర్చుంటారు. లిఫ్టు గురించి నాలుగు మాటలు మాట్లాడాను. నీళ్ళ ట్యాంకు గురించి ఆరు మాటలు. చివరికి నన్ను సెక్రటరీని చేశారు. వద్దన్నాను. ఒక్కసారే అన్నాను, వాళ్ళు వినలేదు.

వెంటనే ఒక రూలు పెట్టించాను: సెక్రటరీ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఫ్లాట్‌లోనూ బయటివాళ్ళని ఉంచకూడదు. హెడ్‌మిస్ట్రెస్ గారు, "ఇన్నాళ్ళకి పనిచేసే మనిషి దొరికాడు," అన్నారు. ఫ్యాక్టరీలో ఈమధ్య ఎవరూ ఆ మాట అనలేదు. అనాలని కాదు.

ఫోన్లో చెప్తే మా ఆవిడ, "ఎవరి ఇంటికి సెక్రటరీ అయ్యారు?" అంది.

జూలై 22

అమ్మాయి నా ఎదురుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పుడు పద్యం అప్పజెప్పినట్టు అడిగింది.

"నాన్నా, నువ్వు ఎప్పుడు వెళ్తావు?"

"లిఫ్టు మెకానిక్ రావాలి కదా."

"లిఫ్టు నాదా?"

జవాబు ఉంది. కానీ ఆ ముఖం చూశాక లేచి రైలు టైములు చూశాను.

జూలై 24

ఇంటికొచ్చాను. ఆరు వారాల్లో కుర్చీలన్నీ కాస్త పొట్టివైనట్టున్నాయి.

జూలై 25

ఫ్యాక్టరీకి వెళ్ళాను. బావమరిది నా గదిని శాంపిల్ రూమ్ చేశాడు. నాకు మేడ మీద గది ఇచ్చాడు. "అక్కడ గాలి బాగా వస్తుంది బావా." వస్తోంది నిజమే. గాలి తప్ప ఇంకెవరూ రావట్లేదు.

ఆగస్టు 5

రోజూ సాయంత్రం ఏడింటికి అమ్మాయి వీడియో కాల్ చేస్తోంది. నేను అడక్కుండానే. ముఖం కళకళలాడుతోంది. వెనకాల నేను తగిలించిన పూల కర్టెన్. పిల్లకి ఇల్లు అలవాటైంది. మొదట్నుంచీ నేను చెప్తూనే ఉన్నాను.

ఆగస్టు 14

ఏడింటికి కాల్. నవ్వుతూ మాట్లాడింది. పది నిమిషాలు.

ఆగస్టు 23

ఇవాళ కాల్ మధ్యలో ఎక్కడో గంట మోగింది. స్కూల్ గంటలాంటిది. "అదేమిటి తల్లీ?" అంటే "కింద ఎవరో," అంది. అపార్ట్‌మెంటులో గంట లేదు. ఉంటే సెక్రటరీకి తెలియదా?

అప్పుడు కర్టెన్ వైపు చూశాను. లైనింగ్ గుడ్డ ముందుకుంది. అంచు మడత కుట్టు బయటికి కనిపిస్తోంది. గుడ్డా కుట్టూ నా పని. ఆ కర్టెన్‌ని ఎవరో తీసి, ఇంకెక్కడో తిరగేసి తగిలించారు.

రేపు ఊరెళ్తున్నాను. ఇంట్లో రబ్బరు డీలర్ దగ్గరికని చెప్పాను. మా ఆవిడ, "డీలర్‌ని అడిగానని చెప్పండి," అంది.

ఆగస్టు 24

ఇది నెమ్మదిగా రాయాలి.

తాళంచెవి నా దగ్గర ఒకటి ఉంది. తలుపు తీశాను. హాల్లో నేల మీద దుప్పటి పరుచుకుని, నడుముకి బెల్టు పెట్టుకుని, యాభయ్యేళ్ళ ఆవిడ వెల్లకిలా పడుకుని ఉంది. నన్ను చూసి కదల్లేదు.

"ఎవరు కావాలి?" అంది. గొంతు మాత్రం నిండు బస్సులో చివరి సీటు దాకా వినబడేంత ఉంది.

"నేను... ఈ ఇంటి..." అన్నాను. ఇంటి ఏమిటో తేలలేదు. ఓనర్ని కాదు. "అమ్మాయి వాళ్ళ నాన్నని."

"పరుపుల సారా! రండి, కూర్చోండి. లేవలేను, ఏమనుకోకండి."

ఆవిడ కళ్ళజోడు పిల్ల తల్లి. బస్ కండక్టర్. ఇరవై రెండేళ్ళు నిలబడి టిక్కెట్లు కొట్టి కొట్టి వెన్నులో డిస్క్ పక్కకి జరిగిందట. ఇక్కడి ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. మూడు నెలలు ప్రయాణం చేయకూడదు, మెట్లెక్కకూడదు. ఉండటానికి చోటు లేదు. కళ్ళజోడు పిల్ల తల్లిని చూసుకోవాలని హాస్టల్ మానేసి ఇక్కడికొచ్చింది. ఖాళీ అయిన ఆ మంచంలోకి మా అమ్మాయి వెళ్ళింది. రెండంగుళాల పరుపు మీదికి, నా పూల కర్టెన్ వెంటబెట్టుకుని. నేను ఇంటికెళ్ళిన నాలుగో రోజున.

కోపం రావాల్సిన చోట నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "మరి మీరు నేల మీద ఎందుకు? లోపల మబ్బు ఉంది కదా?"

ఆవిడ మొహమాటపడింది. "ఉన్నమాట చెప్పనా సార్? మొదటి రోజు దాని మీద పడుకున్నాను. లోపలికి దిగిపోయాను. నడుం వంగిపోయి మళ్ళీ పైకి రాలేదు. మా పిల్లా మీ పిల్లా చెరో చెయ్యీ పట్టి బయటికి లాగారు. చూడ్డానికి బాగుంది. గొప్పవాళ్ళకేమో."

పడకగదిలోకెళ్ళి పరుపు మీద పడుకుని చూశాను. పడుకుని చూడటం పదిహేనేళ్ళ తర్వాత ఇదే మొదటిసారి అనుకుంటాను. ఆవిడ చెప్పింది నిజం. నడుం దగ్గర గుంట. లేవడానికి మంచం కోడు పట్టుకోవాల్సి వచ్చింది.

నేను కింద కూర్చుని పరుపు అంచు విప్పి లోపల పొరలు చూస్తుండగా అమ్మాయి వచ్చింది, చేతిలో మందుల సంచీతో. గుమ్మంలో ఆగిపోయింది.

"కర్టెన్ తిరగేసి తగిలించావు," అన్నాను.

"నాన్నా..."

"లైనింగ్ వెనక్కి ఉండాలి. ఎన్నిసార్లు చెప్పాను?"

"అడిగితే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు."

"మరి?"

నేను అసలు మాట ఎత్తాను: అబద్ధం, రోజూ ఏడింటికి, నవ్వుతూ.

అప్పుడు మందుల సంచీ కింద పెట్టింది. "నువ్వు ఇక్కడున్న ఆరు వారాల్లో నాకు ఒక్క స్నేహితురాలు దొరకలేదు నాన్నా. వచ్చినవాళ్ళకి నువ్వు స్ప్రింగుల గురించి చెప్పి పంపించేశావు. హాస్టల్‌కి వెళ్ళిన రోజే ఇద్దరు దొరికారు. ఏడింటికి నవ్వింది మాత్రం నిజమే. ఆ నవ్వు అబద్ధం కాదు."

నేను దానికేదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

ఆగస్టు 25

గుర్తుంది. "నీ ఇల్లు, నీ ఇష్టం, ఇక నాతో నీకేం పని," అన్నాను. తలుపు ధడాలున వేసి వచ్చేశాను. గోడ అవతల కండక్టర్ గారు అంతా విన్నారు.

మా ఆవిడకి చెప్పాను. హాస్టల్ ఫారం మీద తల్లిదండ్రుల సంతకం జూలైలోనే ఆవిడే పెట్టిందట. "నాకు చెప్పలేదేం?" అన్నాను. "మీరు లిఫ్టు పనిలో ఉన్నారు," అంది.

ఆగస్టు 26

ఏడింటికి కాల్ రాలేదు.

ఆగస్టు 27

రాలేదు. ఫోన్ చార్జింగ్ అయిపోయిందేమోనని చూశాను. నాది. నిండుగా ఉంది.

ఆగస్టు 29

హెడ్‌మిస్ట్రెస్ గారి నుంచి ఉత్తరం. ప్రెసిడెంటు సెక్రటరీకి రాసినట్టు పద్ధతిగా రాశారు. 402లో అనుమతి లేని వ్యక్తులు ఇద్దరు నివసిస్తున్నారు, మీరు పెట్టిన రూలు ప్రకారం చర్య తీసుకుని ఏడు రోజుల్లో తెలియజేయగలరు. 402 మా అమ్మాయిదేనని ఆవిడకి తెలియదా? తెలుసు. ఆవిడ స్కూల్లో తన మనవడినే బెంచీ ఎక్కించారట.

ఒక్క సంతకం చాలు. నేను ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు, రూలే పంపిస్తుంది. కండక్టర్ గారు వెళ్తారు, కళ్ళజోడు పిల్ల హాస్టల్‌కి, మా అమ్మాయి ఫ్లాట్‌కి. అన్నీ మొదట ఎక్కడ పెట్టానో అక్కడికే వస్తాయి.

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆగస్టు 31

ఇంకా జేబులోనే ఉంది. చొక్కా మార్చినప్పుడల్లా దాన్నీ మారుస్తున్నాను.

సెప్టెంబర్ 1

కండక్టర్ గారు ఫోన్ చేశారు.

"సార్, వారంలో ఖాళీ చేస్తాం. పిల్లల్ని ఏమీ అనకండి. మీ అమ్మాయి రోజూ క్లాసయ్యాక వచ్చి నన్ను నడిపిస్తుంది. వరండాలో ఇరవై అడుగులు. 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అంటుంది, నన్ను వెక్కిరిస్తూ. నా జన్మంతా నేను జనాన్ని అన్న మాట."

చిన్నప్పుడు దానికి జ్వరమొస్తే మందు తాగించడానికి ముగ్గురం పట్టుకోవాల్సి వచ్చేది. అది ఒకరిని నడిపిస్తోందట.

"డాక్టరు ప్రయాణం వద్దన్నాడు కదా, ఎలా వెళ్తారు?" అన్నాను.

"నెమ్మదిగా వెళ్తాం సార్. నేనెక్కితే ఏ బస్సైనా నెమ్మదిగానే పోతుంది."

"ఎక్కడికీ వెళ్ళొద్దు," అన్నాను. "మీ ఎత్తెంత? బరువెంత? పక్కకి తిరిగి పడుకుంటారా, వెల్లకిలానా?"

హెడ్‌మిస్ట్రెస్ గారికి జవాబు రాశాను: 402లో నివాసానికి సెక్రటరీ అనుమతి ఇవ్వడమైనది, అనుమతి ఆలస్యమైనందుకు సెక్రటరీ సెక్రటరీని మందలించడమైనది.

ఇది జాలి పడటం కాదు. సరుకు మీద ఫిర్యాదు వచ్చింది. పరీక్షించాలి.

సెప్టెంబర్ 4

ఫ్యాక్టరీలో రగడ. మబ్బు బాగాలేదన్నాను. బావమరిది తెల్లబోయాడు. "అమ్ముడుపోయేదే అది బావా!"

"నువ్వు దాని మీద ఎప్పుడైనా పడుకున్నావా?"

"నాకు నేల అలవాటు," అన్నాడు.

వాడికీ నడుం నొప్పేనట. రెండేళ్ళుగా. ఎవరికీ చెప్పలేదు. పరుపుల ఫ్యాక్టరీ నడిపేవాళ్ళం ఇద్దరం, ఒకడు మేడ మీద గాలి పీలుస్తూ, ఇంకొకడు ఇంట్లో నేల మీద. ఇద్దరం చాలాసేపు నవ్వాం. తర్వాత మేడ మీది గదిలో నాలుగు రకాల ఫోమ్ పరిచి, బూట్లు విప్పి, ఇద్దరం పక్కపక్కనే పడుకుని చూశాం. టీ తెచ్చినావిడ ట్రే గుమ్మంలోనే పెట్టి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 9

అడుగున గట్టి కొబ్బరి పీచు, మధ్యలో రబ్బరు, పైన పల్చటి ఫోమ్. ఐదంగుళాలు. చూడ్డానికేం లేదు. క్విల్టింగ్ మెషిన్ దగ్గర నేనే నిలబడ్డాను. కుట్టేవాళ్ళు మొదట బెదిరారు, మధ్యాహ్నానికి నా తప్పులు పట్టుకోవడం మొదలుపెట్టారు.

సెప్టెంబర్ 11

పరుపు పంపించాను. నేను వెళ్ళలేదు. వెళ్ళలేదని ఎవరైనా గమనిస్తారేమోనని చూశాను. మా ఆవిడ గమనించింది. రెండో కప్పు కాఫీ ఇచ్చింది.

సెప్టెంబర్ 15

కండక్టర్ గారి రిపోర్టు: మొదటి రాత్రి గట్టిగా అనిపించింది, రెండో రాత్రి తెలియలేదు, మూడో రోజు పొద్దున తనంతట తనే లేచి కూర్చున్నారట. "భుజం దగ్గర ఒక్క అరంగుళం మెత్తగా ఉంటే బాగుండు సార్." రాసుకున్నాను.

ఏడింటికి ఫోన్ మోగింది. అమ్మాయి. వెనకాల కర్టెన్ లేదు. ఉత్త గోడ, దాని మీద ఎవరిదో తడి తువ్వాలు, రెండు తలకాయలు అటూ ఇటూ పోతూ.

"నాన్నా, ఆదివారం హాస్టల్లో విజిటర్స్ టైము ఉంది. నాలుగు నుంచి నాలుగున్నర."

అంతే చెప్పింది. నేను "సరే," అన్నాను. ఈసారి ఒక్క మాటతో సరిపెట్టింది నేనే.

సెప్టెంబర్ 21

రైల్లో రాస్తున్నాను. అక్షరాలు ఊగుతున్నాయి.

మూడున్నరకే వెళ్ళాను. హాస్టల్ గేటు పక్కన విజిటర్స్ గది. బెంచీలు, గోడ గడియారం, బల్ల వెనక వార్డెన్. రిజిస్టరులో పేరు, వచ్చిన టైము, 'ఎవరి కోసం', 'బంధుత్వం'. నేను రాసినవన్నీ ఆవిడ చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివింది. "తండ్రి అనడానికి రుజువేమైనా ఉందా?" అంది. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన గోడ గడియారం చూసి, "అంత తొందరగా ఎవడొస్తాడమ్మా, తండ్రి తప్ప," అన్నాడు.

సరిగ్గా నాలుగుకి అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు కత్తిరించుకుంది, వంకరగా. గదిలో పిల్ల కత్తిరించిందట. బాగాలేదు. బాగుందన్నాను.

"నాన్నా, ఆ రోజు..." అంది.

"నేను తలుపు అంత గట్టిగా వేయకుండా ఉండాల్సింది," అన్నాను. "పైగా నీ తలుపు."

"నేను చెప్పాల్సింది."

"చెప్తే నేను వినేవాణ్ణి కాదు కదా."

"అయినా చెప్పాల్సింది."

అంతటితో అయిపోయింది. తర్వాత ఇక ఆగలేదు. గడియారం చూసుకుంటూ చెప్పింది. లెక్కల మేడమ్‌కి భయపడటం, ఆవిడ పెద్ద తుమ్ము తుమ్మాక భయం పోవడం, స్నానాల గది దగ్గర లైను, అర్ధాకలి, గదిలో ఇద్దరిలో ఒకతి నిద్రలో పాటలు పాడటం, మొదటి పరీక్షలో మార్కులు తక్కువ రావడం, ఒకరోజు ఇల్లు గుర్తొచ్చి ఏడవడం, ఏడుస్తుంటే ఆ పాటల పిల్ల లేచి పక్కన కూర్చోవడం. ఒక్క ఇంట్లో ఆరు వారాలున్నాం. అప్పుడు విన్నవన్నీ కలిపినా ఇందులో పదో వంతు ఉండదు. నేను స్ప్రింగుల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. 'నడుం ఎలా ఉంది' అని మాత్రం అడిగాను. పరుపు సంగతి అడగలేదు.

"బాగానే పడుతోంది నిద్ర," అంది తనే.

నాలుగున్నర. వార్డెన్ బల్ల మీద గంట కొట్టింది. అందరూ లేచారు. నేనూ లేచాను. ఈసారి ఎవరూ అడక్కుండానే లేచాను, అది రాసుకోవాలి. ఐదింటికి రైలుంది, రేపు పొద్దున భుజాల దగ్గర అరంగుళం సంగతి చూడాలి.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కెళ్ళింది.

"మేడమ్, ఇంకో ఐదు నిమిషాలు. పాటల సంగతి సగమే చెప్పాను."

"కుదరదు. టైము అయిపోయింది."

"మేడమ్, ప్లీజ్. మా నాన్న."

వార్డెన్ నావైపు తిరిగింది. "మీరైనా చెప్పండి సార్. పెద్దవారు. రూలు రూలే కదా?"

చెప్దామనే నోరు తెరిచాను. అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీని, రూళ్ళు పెట్టించినవాణ్ణి. అమ్మాయి నా చెయ్యి ఇంకా వదల్లేదు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు, వేళ్ళు బిగించి.

వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.

ఐదింటి రైలు తప్పిపోయింది. ఇది ఏడున్నర రైలు.